ఎండెక్కకముందే: అనంతగిరి, మారేడుమిల్లిలో పురుగుల ఫొటోలు

పురుగుల ఫొటోల కోసం ఊరు దాటేవాళ్లు బస వెతికేటప్పుడు ఏసీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా అని కాదు, తెల్లవారుజామున ఐదున్నరకి గేటు తీస్తారా అని అడగండి. నాకీ సంగతి వికారాబాద్ అనంతగిరిలో తెలిసొచ్చింది.

ఆరుద్ర కార్తెలో వెళ్లాను. హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, వికారాబాద్‌లో రైలు దిగి ఆటో ఎక్కితే చాలు. రిసార్టులో గది, భోజనం రెండూ బాగున్నాయి, కానీ గేటు తాళం మేనేజర్ దగ్గరుందట, ఆయన ఏడు దాకా ఫోన్ ఎత్తలేదు. నేను బయటపడేసరికి ఎండ వచ్చేసింది, గడ్డి మీద తూనీగ ఒక్కటీ లేదు. చాలా బాధేసింది.

అయితే రాత్రి కురిసిన వానకి ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. పురుగు అంటాం గానీ ఎనిమిది కాళ్లు, సాలీళ్ల చుట్టం. ముఖమల్ గుడ్డ ముక్కలా ఉంటుంది, ఒక్క క్షణం ఆగదు. చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే 90 ఎంఎం మాక్రో లెన్స్‌తో, కెమెరా సెన్సర్ మీద దాన్ని ఉన్నంత సైజులో తియ్యాలంటే లెన్స్‌కీ దానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు, లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా ఫోకస్‌లో ఉండేది వెంట్రుక మందమే. బురదలో బోర్లా పడుకుని నలభై తీస్తే రెండు నిలిచాయి. పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక తీసేవాళ్లున్నారు, ఆ ఫొటో నాకొద్దు.

అక్టోబరులో మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా 85 కిలోమీటర్ల దాకా, బస్సులున్నాయి. దిగింది ఊరి చివర చిన్న లాడ్జి. మంచం గట్టిది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు, సిగ్నల్ అంతంతమాత్రం. కానీ లాడ్జి నడిపే ఆవిడ రాత్రే అడిగారు: "ఎన్నింటికి లేస్తారు బాబూ? టీ పెట్టి తలుపు తీసి ఉంచుతాను." నాకు అంతకన్నా ఏం కావాలి! తోడు వచ్చిన, అక్కడి కొండరెడ్డి గిరిజన తెగకి చెందిన తాత నాకు పుల్లలా కనిపించినదాన్ని చూపించి "కదులుద్ది, చూడు బాబూ" అన్నారు. అది నిజంగానే పుల్లపురుగు. ఆయన రోజు కూలీ అడిగిన దానికంటే ఎక్కువే ఇవ్వండి, ఆ కళ్లు ఏ లెన్స్‌కీ రావు. జలతరంగిణి జలపాతం దగ్గర పొద్దెక్కాక జనం, ఫొటోలకి పనికిరాదు. వెదురు బొంగులో కాల్చి వండే బొంగు చికెన్ మాత్రం తినండి.

వెళ్లేవాళ్లు ఫ్లాష్‌కి ముందు తెల్ల ఫోమ్ షీట్ కట్టుకోండి, లేకపోతే మంచు బొట్లన్నీ తెల్లగా మాడిపోతాయి. రెండో రోజు ఆరుంపావుకి వాగు పక్క గడ్డిపోచ మీద ఒక తూనీగ దొరికింది. కళ్ల నిండా, రెక్కల గళ్ల నిండా మంచు పూసలు. అరగంట పైన దాని ముందే మోకాళ్ల మీద ఉన్నాను. ఎండ తగిలాక ఒళ్లు వేడెక్కడానికి రెక్కలు సన్నగా వణికించడం మొదలుపెట్టింది, పూసలు ఒక్కొక్కటే రాలాయి, నేను కెమెరా దించేశాను, అది లేచి వాగు దాటిపోయింది.