కిల్ట్ కుట్టించిన కథ: కుచ్చిళ్ళకి 5 స్టార్లు, మిగతాదానికి 2

షాపు పేరు చెప్పట్లేదు, తిట్టేది కొంత ఉంది, పైగా ఆ మాస్టర్‌తో నాకు మళ్ళీ పని పడుద్ది. సికింద్రాబాద్ జనరల్ బజార్ పక్క సందుల్లో స్కూల్ ఫంక్షన్లకి డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు, అల్లూరి సీతారామరాజు, ఝాన్సీ లక్ష్మీబాయి, టమాట, వంకాయ అన్నీ ఒకే తాడుకి వేలాడుతుంటాయి, వెనకాల రెండు మిషన్లు, అడిగితే కొత్తవి కూడా కుట్టిస్తారు.

మావాడు ఆరో క్లాసు. స్కూల్లో దేశాల ప్రోగ్రాం, చీటీ తీస్తే స్కాట్లాండ్ వచ్చింది, డ్రెస్ వేసుకుని రెండు నిమిషాలు మాట్లాడాలి. ఇంగ్లండే కదా, కోటు టై వేసి పంపిద్దాం అనుకున్నా మొదట. కానీ నాకు పాత దెబ్బ ఒకటి గుర్తుంది, ఆఫీసు కాల్‌లో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా ఆయనతో "మీ ఇంగ్లండ్‌లో" అన్నందుకు ఆయన చాలా మర్యాదగా, కానీ వాక్యం కూడా పూర్తి చేయనీకుండా సరిచేశాడు. ఢిల్లీలో మనల్ని మద్రాసీ అంటే ఎట్లా ఉంటదో అట్లా అన్నమాట. సరే అని కిల్ట్ ఫిక్స్ అయ్యాం, అంటే అక్కడి మగాళ్ళు నడుముకి కట్టే గళ్ళ గుడ్డ, చూడ్డానికి కుచ్చిళ్ళ స్కర్ట్ లాగా ఉంటది. మావాడు మాత్రం లంగా వేసుకోనని ఒకటే ఏడుపు, అప్పుడు మా మామగారు సోఫాలోంచి లేచి తన పంచె పట్టుకుని "నేను కట్టింది ఏందిరా మరి, ప్యాంటా?" అన్నారు. అక్కడితో సగం పని అయిపోయింది.

యూనిఫాం గుడ్డలమ్మే చోట ఎర్ర గళ్ళ టెరికాట్ 3 మీటర్లు తీసుకుని షాపుకెళ్ళా. అసలుది ఉన్ని గుడ్డ, పెద్దవాళ్ళ సంప్రదాయ కిల్ట్‌కి 8 గజాలు పడుద్ది, అంటే మామూలు చీర కన్నా ఎక్కువ, మా అమ్మమ్మ కట్టిన తొమ్మిది గజాల చీరకి ఒక్క గజం తక్కువ. ఈ మాట చెప్పగానే మాస్టర్‌కి ఇంట్రెస్ట్ వచ్చింది. మొదటి రోజు ఆయన ఆడపిల్లల స్కర్ట్ లాగా చుట్టూ కుచ్చిళ్ళు పెట్టేశాడు. ఫోన్‌లో ఫొటో చూపించి, ముందువైపు ప్లెయిన్‌గా ఒక పొర మీద ఇంకో పొర రావాలి, కుచ్చిళ్ళన్నీ వెనకే అన్నా. "చీరకు కుచ్చిళ్ళు ముందట, దీనికి ఎన్కనా? ఉల్టా మనుషులు సార్" అని నవ్వి మొత్తం కుట్లు విప్పేశాడు.

ఇక్కడే ఆయనకి నా ఐదు స్టార్లు. ఈ గళ్ళ గుడ్డలో పడుగు (నిలువు దారాలు) రంగులు ఏ వరసలో వస్తాయో పేక (అడ్డ దారాలు) రంగులు కూడా సాధారణంగా అదే వరసలో వస్తాయి, అందుకే గడి అంత పక్కాగా కనపడుద్ది, మడత పెడితే మాత్రం ఆ వరస చెడుద్ది. మాస్టర్ సుద్దతో గీతలు గీసి ఒక్కో మడతకీ గుండుసూది గుచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎత్తి దగ్గరగా చూస్తూ, వెనక కుచ్చిళ్ళన్నీ మూసినప్పుడు కూడా గళ్ళు తెగకుండా వచ్చేలా కూర్చాడు. "గడి మీద గడి కూసోవాలె సార్, లేకపోతే గుడ్డకు ఇజ్జత్ ఉండదు." అక్కడి కిల్ట్ కుట్టేవాళ్ళు కూడా సరిగ్గా ఈ పద్ధతిలోనే మడతలు పెడతారని నాకు ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఈయనకి ఎవరూ చెప్పలేదు.

మధ్యలో "ఇది ఏ కులపోళ్ళది సార్" అని కూడా అడిగాడు. నవ్వొచ్చింది గానీ ప్రశ్న తప్పు కాదు, ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ డిజైన్ అని వాళ్ళే చెప్పుకుంటారు కదా. వంశం అంటే మన ఇంటిపేరు లాంటిది, వాళ్ళ పేర్ల ముందు వచ్చే మెక్ అంటే కొడుకు అని. కాకపోతే ఈ వంశానికో డిజైన్ లెక్క తరతరాల నుంచి వచ్చిందేం కాదు, చాలావరకు 19వ శతాబ్దంలో కుదుర్చుకున్నది. అంతకుముందు కొండ ప్రాంతం హైలాండర్లు ఒకటే పెద్ద గుడ్డని నడుముకి చుట్టి బెల్టు బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్ళు, రాత్రయితే అదే దుప్పటి. మన గొంగడి లాగా. కింది భాగం మాత్రమే ఉండే పొట్టి కిల్ట్ 18వ శతాబ్దంలో వచ్చింది, దాన్ని మొదలుపెట్టింది ఇనుము వ్యాపారం చేసే ఒక ఇంగ్లీషాయన అని ఒక వాదన ఉంది, దాని మీద ఇప్పటికీ గొడవే.

అసలు మావాడి రెండు నిమిషాలకి సరుకు దొరికింది 1746లో. బ్రిటన్ గద్దె మా వంశానిదే అని తిరగబడ్డ స్టూవర్ట్ యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ వెనక నడిచిన హైలాండర్లు ఏప్రిల్ 16న కల్లోడెన్ దగ్గర యుద్ధంలో ప్రభుత్వ సైన్యం ముందు గంట కూడా నిలవలేకపోయారు. అటువైపు ప్రభుత్వ సైన్యంలో కూడా స్కాట్లు ఉన్నారు, కాబట్టి దీన్ని స్కాట్లాండ్ వర్సెస్ ఇంగ్లండ్ మ్యాచ్ లాగా చెప్పొద్దురా అని వాడికి రెండుసార్లు చెప్పా. ఆ తర్వాత వచ్చిన చట్టం ప్రకారం మగాళ్ళు, మగపిల్లలు హైలాండ్ బట్టలు కడితే 6 నెలల జైలు, రెండోసారి దొరికితే 7 ఏళ్ళు సముద్రం దాటించడం. సైన్యంలో ఉన్నోళ్ళకి మాత్రం మినహాయింపు! 1782లో ఎత్తేశారు. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జ్ ఎడిన్‌బరా వచ్చినప్పుడు, అంటే ఆ చట్టం వచ్చినప్పటి రాజు మునిమనవడు, నవలా రచయిత వాల్టర్ స్కాట్ ఏర్పాట్లలో తనే కిల్ట్ వేసుకున్నాడు, లోపల గులాబీ రంగు టైట్స్ కూడా. కొండవాళ్ళని మొరటోళ్ళు అని చిన్నచూపు చూసిన కింది ప్రాంతం వాళ్ళు కూడా తర్వాత ఇదే మా జాతి డ్రెస్ అన్నారు. అందుకే ఇదంతా కల్పించిన సంప్రదాయం అని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు. నాకైతే అట్లా అనిపించలేదు. 1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోయి సొంత పార్లమెంటు పోయినా వాళ్ళ కోర్టులు, చర్చి వాళ్ళకే ఉన్నాయి, కానీ కోర్టుని ఒంటి మీద వేసుకుని పెళ్ళికి పోలేం కదా, గుడ్డనైతే వేసుకోగలం. పార్లమెంటు మళ్ళీ 1999లో వచ్చింది. 2014లో ఇక్కడ జూన్ 2న తెలంగాణ వచ్చింది, అక్కడ సెప్టెంబర్ 18న బ్రిటన్ నుంచి విడిపోదామా అని ఓటేసి 55 శాతం మంది వద్దన్నారు. అయినా వాళ్ళు ఇంగ్లీషోళ్ళు అయిపోలేదు.

మా మామగారిది పత్తికొండ దగ్గర. ఇదంతా విని, మద్రాసు గవర్నర్‌గా చేసిన థామస్ మన్రో గురించి "మన్రో దొర ఇంగ్లీషాయనే గదా" అన్నారు. మన్రో పుట్టింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో అంటే నమ్మలేదు. 1827లో పత్తికొండలోనే కలరాతో పోయాడు, మన్రోలప్ప అని పిల్లలకి పేర్లు కూడా పెట్టుకున్నారట అటువైపు. మన ఊళ్ళ కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవి మనిషే. మనం అందర్నీ ఒకే గాటన కట్టి దొరలు అనేశాం.

ఇక తిట్లు. గురువారం ఇస్తానని శనివారం పొద్దున ఏడింటికి, ప్రోగ్రాం ఎనిమిదిన్నరకి అనగా ఇచ్చారు. ముందు పొర కుడివైపుకి రావాలి, ఎడమకి కుట్టారు, "స్టేజి మీద ఎవడు చూస్తడు సార్" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. కిల్ట్‌కి జేబులుండవు కాబట్టి ముందు ఒక సంచీ వేలాడదీస్తారు, స్పోరన్ అంటారు, షాపు వాళ్ళు ఇచ్చినది ఖచ్చితంగా ఏదో టెడ్డీబేర్ పొట్ట కోసి కుట్టిందే, మావాడు కల్లోడెన్ దగ్గరికి రాగానే తెగి కింద పడింది. వాడు తీసి చంకలో పెట్టుకుని చెప్పుకుపోయాడు, చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

కుట్టుకూలి 700, టోపీ, స్పోరన్ అద్దె 250, డిపాజిట్ 500. డిపాజిట్‌లో 50 కోసుకున్నారు, కత్తి పిడి వదులైందని. ఆ కత్తి ఝాన్సీ లక్ష్మీబాయిది, మేం అడగనే లేదు.