బుల్స్‌ఐనా, హెచ్110నా: రివాల్వర్ తూటాకు ఏ మందు?

అమెరికాలో రివాల్వర్ తూటాలను ఇంట్లోనే దట్టించుకునేవాళ్లకు ఎప్పుడూ ఉండే ప్రశ్న: చప్పున కాలే బుల్స్‌ఐ తుపాకి మందా, నిదానంగా కాలే హెచ్110 మందా? (మన దేశంలో లైసెన్సు లేకుండా ఈ పని నేరం.)

.38 స్పెషల్ తూటాతో గురి సాధనకైతే నా ఓటు బుల్స్‌ఐకే. చిటికెడు చాలు, పొదుపు, తన్ను తక్కువ. చిక్కు కూడా ఆ చిటికెడుతోనే. 1898 నాటి ఈ తూటా కేసును (మందు పోసే ఇత్తడి డొప్పను) పాతకాలపు నల్ల తుపాకి మందు పట్టేలా పొడుగ్గా చేశారు. బుల్స్‌ఐ ఎక్కడో అడుగున పడి ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు. దాన్ని పేలిస్తే తూటాలుండే సిలిండరే పగలొచ్చు. అందుకే గుండు బిగించే ముందు కేసులన్నీ ట్రేలో నిలబెట్టి, టార్చి వేసి, ఒక్కోదాంట్లోకి తొంగి చూడాలి. మట్టం ఎత్తుగా కనిపించినదాన్ని మళ్లీ తూచాల్సిందే.

.357 మాగ్నమ్ తూటాలో బరువైన గుండు జోరుగా పోవాలంటే హెచ్110. కేసు దాదాపు నిండుతుంది కాబట్టి రెండోసారి పోస్తే ఒలికిపోతుంది. దీని తిక్క వేరు, తగ్గిస్తేనే ప్రమాదం! తయారీదారు పట్టికలోని మోతాదుకు 3 శాతం మించి తగ్గించకూడదు. సరిగా అంటుకోకపోతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, వెనకాలే ఇంకోటి పేల్చారో అంతే సంగతులు. మాగ్నమ్ ప్రైమర్ (మందును గట్టిగా అంటించే నిప్పు బిళ్ల), గట్టి క్రింపు (గుండు చుట్టూ కేసు అంచును నొక్కి బిగించడం) తప్పనిసరి. పొట్టి గొట్టంలో మంట, మోతే ఎక్కువ.