బోరిస్ వినాలంటే ముందు ఏ ఆల్బమ్ కొనాలి?

జపాన్ రాక్ బ్యాండ్ బోరిస్ గురించి ఎవరిని అడిగినా ముందు ‘పింక్’ వినమంటారు. నన్నడిగితే ముందు ‘ఫీడ్‌బ్యాకర్’ కొనండి. 2003లో వచ్చింది, ఐదు భాగాలుగా విడగొట్టిన ఒకే ఒక్క పాట, సుమారు 43 నిమిషాలు. వీళ్లు అంతకుముందు ఏం చేశారో, ఆ తర్వాత ఎటు పోయారో రెండూ అందులోనే వినిపిస్తాయి. నల్గొండలో కూర్చొని ఈ బ్యాండ్ మీద రివ్యూ ఎందుకంటే, నా దోస్తుల్లో విందామనుకున్న ప్రతివాడూ ఏదో ఒక ఆల్బమ్ పెట్టుకొని, నచ్చక పది నిమిషాలకే ఇయర్‌ఫోన్లు తీసేస్తున్నాడు. ఇంత మంచి బ్యాండ్ అట్లా చేజారిపోవడం నాకు బాధగా ఉంది.

1992లో టోక్యోలో మొదలైన బ్యాండ్ ఇది. పేరు మెల్విన్స్ అనే అమెరికా బ్యాండ్ పాట నుంచి తీసుకున్నారు. మొదట నలుగురు. డ్రమ్స్ వాయించే నాగాటా 1996లో వెళ్లిపోతే అప్పటిదాకా పాడుతున్న అట్సువో డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు, వెనక గాంగ్ అనే పెద్ద కంచు పళ్లెం ఒకటి వేలాడదీసుకొని. తకేషి చేతిలో ఉండేది రెండు మెడల గిటార్, ఒక మెడ బేస్, ఇంకోటి మామూలు గిటార్, కాబట్టి ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు. లీడ్ గిటార్ వాయించేది వాటా అనే ఆమె. స్టేజీ మీద పెద్దగా కదలదు, ఆమె గిటార్ మాత్రం హాలంతా నిండిపోతుంది.

1996లో వచ్చిన ‘అబ్సొల్యూటెగో’ మొత్తం గంటసేపు సాగే ఒక్క ట్రాక్. మొదటిసారే దాన్ని పెట్టుకోవద్దు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఇల్లు ఉన్నవాళ్లకైతే అలవాటు ఉంటుంది: సీజన్‌లో మిల్లు నడుస్తుంటే మొదట ఒకటే మోత, కాసేపటికి అందులోనే మోటార్ వేరుగా, బెల్టు వేరుగా, జల్లెడ వేరుగా వినబడతాయి. ఈ ఆల్బమ్ కూడా చెవికి అట్లాగే విడిపోతుంది, కానీ అంత ఓపిక మొదటి రోజే ఎవరికీ రాదు. 2000లో వచ్చిన ‘ఫ్లడ్’ కొంచెం నయం. నాలుగు భాగాలు, దాదాపు 70 నిమిషాలు. మొదటి భాగంలో గిటార్ ముక్కే మళ్లీమళ్లీ తిరుగుతూ మెల్లగా తన నీడ నుంచి తనే విడిపోయినట్టు జరుగుతుంది. రాత్రి పూట వినండి, పక్కన ఫోన్ మోగకుండా చూసుకొని.

ఇక ఫీడ్‌బ్యాకర్. మా గల్లీలో బరాత్‌లకు డీజే పెట్టే అన్న ఒకాయన ఉన్నాడు. గోదాంలో బాక్సులు టెస్ట్ చేసుకుంటుంటే బతిమాలి ఇది పెట్టించాను. మొదటి తొమ్మిది నిమిషాలు గిటార్ మోత తప్ప ఇంకేమీ ఉండదు. పైన రేకులు గణగణమని కొట్టుకోవడం మొదలైంది. “తమ్మీ, పాట మొదలైందా, బాక్సు ఖరాబైందా?” అన్నాడు. మొదలైందన్నా, జర ఆగు అన్నాను. రెండో భాగంలో డ్రమ్స్ నెమ్మదిగా దిగి, తకేషి గొంతు వచ్చేసరికి ఆయనంతట ఆయనే మిక్సర్ దగ్గరికి పోయి బేస్ కొంచెం తగ్గించి మిడ్, అంటే మధ్య స్వరాలు, పెంచాడు. అక్కడి నుంచి వాటా సోలో ఎంత స్పష్టంగా వచ్చిందో చెప్పలేను, ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో నేను అంతవరకు వినని తీగలు వినిపించాయి. మూడో భాగంలో ముగ్గురూ ఒక్కసారి విరుచుకుపడతారు, నాలుగో భాగం ఉత్త రొద. అప్పుడు ఆ అన్న బాక్సు జాలీ మీద అరచేయి పెట్టి చూశాడు, లోపల కోన్ చిరిగిందేమోనని. చిరగలేదు. ఆపమని అనలేదు కూడా, ఐదో భాగం చల్లబడి ముగిసేదాకా ఉన్నాడు.

ఆ పేరులోని ఫీడ్‌బ్యాక్ సౌండ్ పని చేసేవాళ్లందరికీ తెలిసిందే. మైక్ పట్టుకొని బాక్సు ముందుకు పోతే కూ అని కూస్తుంది కదా, అదే. గిటార్‌ను దాని ఆంప్లిఫయర్‌కు దగ్గరగా పెట్టినా అంతే, స్పీకర్‌లోంచి వచ్చిన మోత తీగలను కదిలిస్తుంది, తీగ కదిలితే మళ్లీ మోత పెరుగుతుంది. అందరూ ఆపడానికి చూసేదాన్ని వాటా పట్టుకొని, ఎంతసేపు నిలబడాలో, ఎక్కడ వదలాలో చెప్పినట్టు వాయిస్తుంది. నాకు ఈ బ్యాండ్ మీద ప్రేమ అక్కడే మొదలైంది.

దీని తర్వాత ‘పింక్’ తీసుకోండి. జపాన్‌లో 2005, అమెరికాలో 2006. మొదటి పాట ‘ఫేర్‌వెల్’ మబ్బు పట్టినట్టు నెమ్మదిగా, అందంగా ఉంటుంది, వెంటనే రెండో పాట నుంచి పరుగే పరుగు. బయటి దేశాల్లో వీళ్లకు పేరు తెచ్చింది ఇదే. గొప్ప ఆల్బమే, కాదనను. కానీ దీంతో మొదలుపెట్టినవాళ్లు బోరిస్ అంటే స్పీడ్ అనుకుంటారు, తర్వాత ఫ్లడ్ పెడితే తట్టుకోలేరు.

2011లో ఒకే ఏడాది మూడు ఆల్బమ్‌లు ఇచ్చారు. ‘న్యూ ఆల్బమ్’లో సింథసైజర్లు, డ్యాన్స్ బీట్లు, జపాన్ పాప్ వాసన. పాత అభిమానులు చాలామందికి మింగుడుపడలేదు. నాకూ అందులో కొన్ని పాటలు మరీ మెరుగుపెట్టినట్టు అనిపిస్తాయి. కానీ అదే ఏడాది వచ్చిన ‘అటెన్షన్ ప్లీజ్’ జోలికి ఎవరైనా వస్తే ఊరుకోను. అన్ని పాటలూ వాటానే పాడింది, దాదాపు చెవిలో చెప్పినంత మెల్లగా. అంత బరువైన గిటార్ వాయించే మనిషి గొంతు అంత తేలిగ్గా ఉండడం వింటేనే నమ్ముతారు. గట్టి సంగీతం పడదనే అక్కాచెల్లెళ్లకు ఇది ఇచ్చి చూడండి.

2017 నాటి ‘డియర్’ను చివరి ఆల్బమ్ చేద్దామని కూడా అనుకున్నారు, మంచికే మనసు మార్చుకున్నారు. 2020లో కరోనా టైమ్‌లో ‘నో’ను పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో వాళ్లే సొంతంగా విడుదల చేశారు. మొత్తం కోపం, వేగం. దానికి జోడీగా 2022లో వచ్చిన ‘డబ్ల్యూ’ పూర్తిగా ఎదురు, మంచులాగా మెత్తగా, మళ్లీ వాటా గొంతుతో. ఆ రెండు పేర్ల ఇంగ్లీషు అక్షరాలూ (NO, W) కలిపితే ‘నౌ’ (NOW). రెండూ ఒకే రోజు వెంటవెంటనే వినండి, ముందు ‘నో’, తర్వాత ‘డబ్ల్యూ’.

‘డ్రోన్‌ఈవిల్’ (2005) కొనేవాళ్లకు ఒక్క మాట. ఇది రెండు డిస్కులు, రెండూ ఒకేసారి ప్లే చేయాలి. రెండు ఫోన్లు, రెండు బ్లూటూత్ స్పీకర్లతో ప్రయత్నించాను, ఒక్కోసారి ఒక్కోలా కలుస్తాయి. అది తప్పు కాదు, అట్లా వినడంలోనే దీని అందం ఉంది. గది రెండు మూలల్లో స్పీకర్లు పెట్టి మధ్యలో కూర్చోండి. రొదనే సంగీతంగా చేసే జపాన్ నాయిస్ కళాకారుడు మెర్జ్‌బౌతో కలిసి 2016లో చేసిన ‘గెన్షో’ కూడా ఇదే పద్ధతి, వాళ్లది ఒక డిస్కు, ఆయనది ఒక డిస్కు, ఏది ఎంత గట్టిగా పెట్టాలన్నది వినేవాళ్ల ఇష్టం.

చాలావరకు బ్యాండ్‌క్యాంప్‌లో దొరుకుతాయి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినొద్దు, కింది స్వరాలు సగం రానే రావు. ఇంకోటి, ‘హెవీ రాక్స్’ అనే పేరుతో వీళ్లవి మూడు వేరువేరు ఆల్బమ్‌లు ఉన్నాయి: 2002ది నారింజ రంగు అట్ట, 2011ది ఊదా రంగు, మూడోది 2022ది. డబ్బు కట్టేముందు ఏడాది చూసుకోండి. ఈ మూడింట్లో ఒక్కటే కొనేటట్టయితే నారింజది తీసుకోండి.