బిస్ఫినాల్-ఎ విషప్రభావం: కర్క్యుమిన్, క్వెర్సెటిన్‌లలో ఏది మెరుగు?

పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ సీసాల నుంచి, డబ్బాల లోపలి పూత నుంచి ఆహారంలోకి చేరే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం ఎలుకల కాలేయంలో, వృషణాల్లో కణాలను ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లూటాథయోన్‌ను తగ్గించి, కణపొరల్లోని కొవ్వులను ఆక్సీకరణకు గురిచేస్తుంది. పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్ రెండూ ప్రయోగాల్లో ఈ నష్టాన్ని కొంత తగ్గించాయి. అసలు తేడా ఒంటికి పట్టడంలో ఉంది. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, పేగుల్లో, కాలేయంలో త్వరగా రూపం మారిపోతుంది. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో మిరియాల్లోని పైపెరిన్‌ను జతచేస్తే కర్క్యుమిన్ లభ్యత (రక్తంలోకి చేరే మేర) మనుషుల్లో 2000 శాతం పెరిగింది గాని, ఎలుకల్లో పెరిగింది 154 శాతమే. ఉల్లిలోని క్వెర్సెటిన్ చక్కెర అణువుతో కలిసి ఉండటం వల్ల, విడి క్వెర్సెటిన్ కంటే తేలికగా ఒంటబడుతుంది. కాకపోతే అది ఎక్కువగా ఉండేది మనం ఒలిచి పారేసే పై పొరల్లోనే. ఆహారంగా అయితే నా మొగ్గు ఉల్లివైపే, కానీ ఎలుకలకు గొట్టంతో పట్టించిన మోతాదులు కూరలో దొరకవు.