రెయిన్ మ్యాన్: ఏడుసార్లు చూశాక నా మాట

ఈ సినిమా మొదటిసారి చూసింది 2003లో, కాలేజీ హాస్టల్లో. ఒక్క కంప్యూటర్ ముందు తొమ్మిది మందిమి కూర్చున్నాం. నేల మీద పడ్డ పంటిపుల్లల్ని రేమండ్ ఒక్క చూపులో 246 అని లెక్క చెప్పేయగానే గదంతా ఈలలు. నేనూ వేశాను. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం మా బాబాయి గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఇప్పటికి ఏడుసార్లు చూశాను. స్నేహితులతో, అమ్మతో, మా ఆవిడతో, ఒకసారి బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని. చూసిన ప్రతిసారీ పక్కనున్న మనిషిని బట్టి సినిమా నాకు వేరేగా కనిపించింది.

చూడనివాళ్ల కోసం కథ. లాస్ ఏంజెలెస్‌లో విదేశీ కార్లు తెప్పించి అమ్మే చార్లీ (టామ్ క్రూజ్) అప్పుల్లో ఉంటాడు. ఏళ్ల తరబడి మాటల్లేని తండ్రి పోతే సిన్సినాటి వెళ్తాడు. వీలునామాలో అతనికి దక్కింది 1949 నాటి బ్యూక్ కారు, తండ్రి పెంచిన గులాబీ మొక్కలు. 30 లక్షల డాలర్లు ఒక ట్రస్టుకి పోతాయి. ఆ డబ్బు ఎవరికోసమని ఆరా తీస్తే, తనకున్నాడనే తెలియని అన్న రేమండ్ (డస్టిన్ హాఫ్‌మన్) ఒక సంరక్షణ కేంద్రంలో కనిపిస్తాడు. అతనికి ఆటిజం, అంటే మనుషులతో కలవడం, మాట, అలవాట్లు చిన్నప్పటినుంచే వేరుగా ఉండే స్థితి. సగం డబ్బు రాబట్టడానికి చార్లీ అన్నని తనతో తీసుకుపోతాడు. రేమండ్ విమానం ఎక్కనంటే ఎక్కనంటాడు, దాంతో ఆ పాత కారులోనే దేశమంతా దాటాల్సి వస్తుంది. 1988లో వచ్చింది, దర్శకుడు బారీ లెవిన్సన్. ఉత్తమ చిత్రంతో కలిపి 4 ఆస్కార్లు వచ్చాయి.

ఇక మా బాబాయి. నాన్నకి తమ్ముడు, తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. పొద్దున రేడియోలో ప్రాంతీయ వార్తలు అయ్యేదాకా కాఫీ ముట్టడు. గ్లాసు కంచానికి ఎడమపక్కనే ఉండాలి. నా చిన్నప్పుడు ఒకరోజు వార్తల మధ్యలో బ్యాటరీలు అయిపోయాయి. బాబాయి రెండు చెవులూ మూసుకుని గోడకి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నాన్న పరుగున వెళ్లి పక్కింటివాళ్ల రేడియో అడిగి తెచ్చి కిటికీలో పెట్టాడు. వార్తలు మళ్లీ వినపడ్డాకే బాబాయి చేతులు దించాడు.

సినిమాలో సరిగ్గా ఇలాంటి ఘట్టమే ఉంది. కోర్టు కేసుల టీవీ కార్యక్రమం టైమయిపోతోందని రేమండ్ కంగారుపడిపోతుంటే, చార్లీ దారిలో కనిపించిన పల్లెటూరి ఇంటి తలుపు కొడతాడు. ముందు ఏదో అబద్ధం చెప్పబోయి, చివరికి మా అన్నకి ఇది చూడకపోతే కష్టం అని నిజం చెప్పేస్తాడు. ఆ ఇంటావిడ లోపలికి రానిస్తుంది. హాస్టల్లో మేం ఈ సీన్‌కి పడి పడి నవ్వాం. ఇప్పుడు నాకు చార్లీ ఆ గుమ్మం ముందు నిలబడ్డ తీరే కనిపిస్తుంది. మొదటిసారి అన్న కోసం ఒకరిని బతిమాలుకున్నాడు.

డస్టిన్ హాఫ్‌మన్ గురించి అందరూ చెబుతారు, నిజమే, ఎదుటివాళ్ల కళ్లల్లోకి చూడకుండా అంత సినిమా నడిపించడం మాటలు కాదు. కానీ నా లెక్కలో అంతకన్నా కష్టమైన పని టామ్ క్రూజ్‌ది. రేమండ్ మొదటినుంచి చివరిదాకా రేమండ్‌లాగే ఉంటాడు. మారాల్సిందంతా చార్లీయే, అదీ చూసేవాడికి నమ్మకం కుదిరేలా. ఏ మందూ మాకూ లేకుండా చివర్లో అన్నకి నయమైపోయినట్టు చూపించలేదు, అందుకే ఈ సినిమా మీద నాకంత గౌరవం.

అమ్మకి ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని మాటలు చెబుతుంటే చూసింది. మోటల్లో చార్లీ స్నానానికి వేడినీళ్లు తిప్పగానే రేమండ్ కేకలు పెడతాడు. పసితనంలో తమ్ముడికి ఏమవుతుందోనన్న భయంతోనే అన్నని ఇంట్లోంచి పంపేశారని చార్లీకి అప్పుడు తెలుస్తుంది. అమ్మ కళ్లు తుడుచుకుని, "మనింట్లోనూ అనలేదా, చంటిపిల్లాడున్నాడు, వీణ్ని ఎక్కడైనా ఉంచండని" అంది. ఆ చంటిపిల్లాణ్ని నేనేనని ఆ రోజే తెలిసింది.

మా ఆవిడకి లిఫ్టులో డాన్సు సీన్ ఇష్టం. రేమండ్‌ని మొదటినుంచీ మామూలు మగమనిషిలా చూసింది చార్లీ ప్రియురాలు సుజానా ఒక్కతేనని అంటుంది. ఆ మాటా నిజమే.

ఆస్తి విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. హాస్టల్లో అందరం ఆ తండ్రిని తిట్టుకున్నాం. తాతయ్య రెండెకరాలు బాబాయి పేర రాశాడు. "ఏమీ తెలియనివాడికి పొలం దేనికి, నీ పేర మార్పించుకో" అని నాన్నకి చెప్పని చుట్టం లేడు. నాన్న మార్పించలేదు. కౌలు డబ్బు బాబాయి బట్టలకీ మందులకీ వేరేగా రాసిపెట్టేవాడు. నాన్న మంచం పట్టాక, ఆటిజం లాంటివి ఉన్నవాళ్ల కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి నేను గార్డియన్‌ని అయ్యాను. ఇప్పుడు ఆ పాస్‌పుస్తకం నా బీరువాలో ఉంది. సినిమాలో తండ్రి డబ్బు సరైన చోటే పెట్టాడు. చిన్నకొడుక్కి అన్నని చూపించకపోవడమే ఆయన చేసిన తప్పు.

నాకు నచ్చనిది లాస్ వేగాస్ జూదశాల భాగం. రేమండ్ పేక ముక్కలు గుర్తుపెట్టుకుని 80 వేల డాలర్ల పైచిలుకు గెలిపిస్తాడు. చూడటానికి హుషారుగా ఉంటుంది, కానీ దాని ఫలితం మాలాంటి ఇళ్లల్లో వాళ్లం మోస్తున్నాం. బాబాయికి ఆటిజం అని నలభై దాటాక హైదరాబాద్‌లో ఒక డాక్టరు చెప్పారు. అది విన్న ప్రతివాళ్లూ "అయితే ఆయనకి ఏం టాలెంట్ ఉంది" అని అడిగారు. ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అలాంటి వింత శక్తులేమీ ఉండవు. ఈ పాత్రకి ప్రేరణ అయిన కిమ్ పీక్ పుస్తకాలకి పుస్తకాలు గుర్తుపెట్టుకున్న మనిషి, ఆయనది అసలు ఆటిజమే కాదని తర్వాత డాక్టర్లు అన్నారు. ఇంకోమాట, చాలామంది దీన్ని పిచ్చి అనో మతిస్థిమితం లేదనో అంటారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం వేరు, మానసిక అనారోగ్యం వేరు.

నిజానికి దగ్గరగా ఉన్న సీను చాలామందికి గుర్తుండదు. చిన్న ఊళ్లో డాక్టరు పెద్ద పెద్ద లెక్కలు అడిగితే రేమండ్ టకటకా చెప్పేస్తాడు. చాక్లెట్ ఎంతుంటుందంటే, సుమారు వంద డాలర్లు అంటాడు. చిన్న కారు ఎంతంటే, అదీ వంద డాలర్లే. నవ్వుతున్న చార్లీ ముఖం అక్కడ మెల్లగా వాడిపోతుంది. కొట్టుకి పంపితే బాబాయి చేతిలో ఉన్నదంతా కొట్టువాడికి ఇచ్చేసి వస్తాడు.

బాబాయితో చూసింది 2016లో. తెర మీదకన్నా పైన ఫ్యాన్ వైపే ఎక్కువసేపు చూశాడు. చివర రేమండ్‌ని తిరిగి సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్లే రైలు కదిలినప్పుడు మాత్రం చూశాడు. రెండు వారాల్లో వస్తానని చార్లీ అన్నకి చెబుతాడు కదా, అక్కడ.

నేను హైదరాబాద్ నుంచి ప్రతి రెండో శనివారం ఊరెళ్తాను. ఈసారికి రేడియో బ్యాటరీలు నాలుగు కొని సంచిలో పెట్టాను.