ఇంట్లో ఐపీఎల్ మెషీనా, క్లినిక్‌లో లేజరా: మన చామనచాయకు ఏది మేలు?

"అక్కా, నువ్వు వాడుతున్నావు కదా, నన్నూ కొనమంటావా?" రెండేళ్లుగా ఈ మాట ఆఫీసు క్యాంటీన్‌లో విన్నాను, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో విన్నాను, మొన్న చుట్టాలింటి గృహప్రవేశంలో కూడా ఒక వదిన పక్కకు పిలిచి అడిగింది. అవాంఛిత రోమాల కోసం ఇంట్లో వాడుకునే ఐపీఎల్ మెషీన్ సంగతి, అంటే వెలుగు ఫ్లాష్‌లతో వెంట్రుకలను తగ్గించేది. అడిగినవాళ్లందరినీ నేను ముందు రెండు విషయాలు అడుగుతాను: ఎక్కడి వెంట్రుకలకు? రోజూ ఎండలో ఎంతసేపు తిరుగుతావు? ధర గురించి ఆ తర్వాతే.

కాళ్లకు, చేతులకు, చంకలకు ఇంటి మెషీన్ వాడుతున్నాను. గడ్డం కింద వచ్చే గట్టి వెంట్రుకలకు కూకట్‌పల్లిలో ఒక స్కిన్ డాక్టర్ దగ్గర లేజర్ చేయించుకున్నాను. రెండూ నా ఒంటి మీదే చూశాను కాబట్టి చెప్పగలను.

అసలు తేల్చే విషయం ఒంటి రంగుకూ వెంట్రుక రంగుకూ మధ్య ఉన్న తేడా. వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. ఫలానా రంగు పదార్థానికే వేడి తగిలేలా వెలుగును వాడవచ్చని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. ఇవాళ్టి లేజర్లూ ఐపీఎల్‌లూ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. అయితే అదే మెలనిన్ మన చర్మంలోనూ ఉంది. తెల్లటి చర్మం మీద నల్ల వెంట్రుక ఉన్నవాళ్లకు ఆ వేడి దాదాపు అంతా వెంట్రుకకే పోతుంది. మనకు చర్మం కూడా వాటా తీసుకుంటుంది.

చర్మం రంగును డాక్టర్లు ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు ప్రకారం 1 (బాగా తెలుపు) నుంచి 6 (బాగా నలుపు) వరకు లెక్కిస్తారు. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది 4, 5 దగ్గర ఉంటాం. ఇంటి మెషీన్లలో కొన్ని 4 వరకే అంటాయి, కొన్ని 5 వరకు ఒప్పుకుంటాయి. 6కి ఐపీఎల్ పనికిరాదు. డబ్బా మీద ఉండే రంగుల పట్టీని ట్యూబ్‌లైట్ కింద చూసి నమ్మకండి. పగటి వెలుగులో, కిటికీ దగ్గర నిలబడి, ఎక్కడ వాడాలనుకుంటున్నారో అక్కడి చర్మం పక్కన పెట్టి చూడండి.

"ఎక్కడ వాడాలో అక్కడ" అని ఊరికే అనలేదు. నేను మియాపూర్ నుంచి మాదాపూర్‌కు స్కూటీ మీద వెళ్తాను. ముఖానికి చున్నీ కట్టుకుంటాను, చేతులకు మాత్రం ఏమీ ఉండదు. కుర్తీ చేయి పైకి జరిపితే నా చేతి మీద గీత గీసినట్టు రెండు రంగులు కనిపిస్తాయి. పైన చామనచాయ, కింద దానికంటే రెండు మెట్లు ముదురు. నా మెషీన్‌లో చర్మం రంగు చూసే సెన్సర్ ఉంది. భుజం కింద పెడితే ఫ్లాష్ ఇస్తుంది, మణికట్టు దగ్గర మే నెలలో పెడితే ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. చేయి ఒకటే, మనిషి ఒకటే. అందుకే "నా రంగుకు పని చేస్తుందా?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పలేను. హైదరాబాద్ ఎండకు మన రంగు సంవత్సరంలో రెండు మూడు సార్లు మారుతుంది.

దీన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో కూడా చూశాను. నా మెషీన్ కొనకముందు తెలిసినావిడ దగ్గర ఒకటి తెచ్చి వాడాను. దానికి సెన్సర్ లేదు. అది ఏప్రిల్ చివర. ముంజేతి మీద మూడు చోట్ల చురుక్కుమంది, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. మర్నాటికి మెషీన్ గాజు కిటికీ ఎంత ఉందో సరిగ్గా అంత కొలతలో మూడు గోధుమరంగు చతురస్రాలు తేలాయి. అవి పూర్తిగా పోవడానికి వినాయక చవితి దాటింది. మన రంగు చర్మానికి చిన్న దెబ్బ తగిలినా మచ్చ నలుపు తిరుగుతుంది, నెలల తరబడి ఉంటుంది. సెన్సర్ లేని మెషీన్ ఎంత చవగ్గా వచ్చినా కొనవద్దని గట్టిగా చెప్పేది అందుకే. సెన్సర్ ఉన్నా ముందు చిన్న చోట ఒకటి రెండు ఫ్లాష్‌లు ఇచ్చి, ఒకరోజు ఆగి చూడండి.

ఇక ఫలితం ఎలా ఉంటుంది? పూర్తిగా పోతాయని ఆశించి కొంటే బాధపడతారు. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఈ పద్ధతులకు వాడేది శాశ్వతంగా "తగ్గించడం" అనే మాట, "తొలగించడం" అనదు. చికిత్స పూర్తయ్యాక 6, 9, 12 నెలలకు లెక్కపెట్టినా వెంట్రుకల సంఖ్య తక్కువగానే ఉంటే దాన్ని శాశ్వత తగ్గుదల అంటారు. ఇంటి మెషీన్ శక్తి క్లినిక్ యంత్రాలతో పోలిస్తే చాలా తక్కువ. చదరపు సెంటీమీటరుకు 3 నుంచి 6 జౌళ్ల (శక్తిని కొలిచే యూనిట్) మధ్య ఉండటం మామూలు. వాడేది డాక్టరు కాదు కాబట్టి కంపెనీలు కావాలనే తగ్గించి ఇస్తాయి. అంత వేడికి చాలా కుదుళ్లు చచ్చిపోవు, సోలిపోతాయి. కొన్నాళ్లకు లేస్తాయి. దానికి తోడు ఎదిగే దశలో ఉన్న వెంట్రుక మీదే ఈ వేడి పని చేస్తుంది. కాళ్ల మీద ఏ సమయంలో చూసినా ఎక్కువ భాగం విశ్రాంతిలోనే ఉంటాయి. అందుకే పదే పదే చేయాలి.

నా లెక్క ఇది. మొదటి రెండు నెలలు రెండు వారాలకు ఒకసారి, తర్వాత నెలకు ఒకసారి. మొదటి మూడు సార్లకు తేడా ఏమీ తెలియలేదు. నాలుగోసారి తర్వాత పిక్కల మీద వెంట్రుకలు చేతికి మెత్తగా తగిలాయి, అక్కడక్కడా ఖాళీలు కనిపించాయి. మూడు నాలుగు రోజులకోసారి షేవ్ చేయాల్సింది, ఆరో నెల వచ్చేసరికి రెండు వారాలకు ఒకసారికి దిగింది. చంకల్లో ఇంకా బాగా తగ్గింది, అక్కడి వెంట్రుక ముదురు, ఎండ తగలదు. మోకాళ్ల మీద ఇప్పటికీ అంతంతమాత్రమే. మధ్యలో అమ్మ ఆపరేషన్ హడావుడిలో ఐదు నెలలు ముట్టుకోలేదు. సగానికి పైగా తిరిగి వచ్చాయి.

ఇది నాకు సరిపోయింది. పెళ్లి ఆరు వారాల్లో ఉందనగా కొన్న మా పిన్ని కూతురికి సరిపోలేదు. ఆ పిల్ల చివరి వారంలో టెన్షన్ పడి, ఏడ్చి, పార్లర్‌కు వెళ్లి వాక్సింగ్ చేయించుకుంది. ముహూర్తం పెట్టుకున్నాక మెషీన్ కొనడం కంటే వాక్సింగే నయం. మెషీనే కావాలంటే కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి.

ఇంకో అడ్డంకి మన ఇళ్లలోనే ఉంది, రేజరు. ఐపీఎల్ చేసే ముందు ఆ చోట షేవ్ చేసుకోవాలి. వాక్సింగ్, థ్రెడింగ్, ఎపిలేటర్ పనికిరావు, అవి వెంట్రుకను కుదురుతో లాగేస్తాయి, ఇక వెలుగు పట్టుకోవడానికి లోపల ఏమీ ఉండదు. మా అమ్మ బాత్రూంలో రేజరు చూసి "ఆడపిల్లవి, ఒంటికి కత్తి పెడతావా? ముళ్లలా మొలుస్తాయే" అంది. షేవ్ చేస్తే వెంట్రుక లావెక్కదు. కొస మొద్దుగా తెగుతుంది కాబట్టి మొలిచేటప్పుడు గరుగ్గా తగులుతుంది, అంతే. అమ్మకు ఒక నెల పట్టింది నమ్మడానికి. శుక్రవారం కాళ్లకు పసుపు రాసుకునేవాళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే చేయాలి. మెహందీ ఉన్నచోట అది పూర్తిగా పోయేదాకా వద్దు. పుట్టుమచ్చల మీద, టాటూ మీద, గర్భంతో ఉన్నప్పుడు అసలు వద్దు.

ఇప్పుడు గడ్డం సంగతి. నన్ను అడిగేవాళ్లలో సగానికి పైగా మనసులో ఉన్నది ఇదే, పైకి మాత్రం కాళ్ల గురించి అడుగుతారు. నాకు తెలుసు, నేనూ అలాగే అడిగాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు ట్వీజర్ పట్టుకుని నిలబడటం, మీటింగులో ఎవరైనా దగ్గరకు వస్తే చెయ్యి గడ్డం మీదకు వెళ్లిపోవడం, ఇవి అనుభవించినవాళ్లకే తెలుస్తాయి.

గడ్డం, దవడ కింద గట్టి నల్ల వెంట్రుకలు వస్తూ, నెలసరి కూడా క్రమం తప్పుతూ ఉంటే మెషీన్ కొనకముందు డాక్టర్ దగ్గరకు వెళ్లండి. అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. రక్త పరీక్షలు చేయిస్తారు, అవసరమైతే మందులు ఇస్తారు. లోపల హార్మోను కొత్త కుదుళ్లను లేపుతూ ఉంటే, పైన ఎంత వెలుగు కొట్టినా నీళ్లు కారే కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. నాకు మందులు మొదలుపెట్టి, బరువు కొంత తగ్గాకే లేజర్ ఫలితం నిలబడింది.

గడ్డానికి ఇంటి మెషీన్ వద్దనడానికి రెండో కారణం ఇంకా ముఖ్యం. ముఖం మీద, మెడ మీద ఈ వెలుగు వాడాక కొందరికి వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి. దీన్ని డాక్టర్లు పారడాక్సికల్ హైపర్‌ట్రికోసిస్ అంటారు. చామనచాయ, ముదురు రంగు ఉన్నవాళ్లలో, హార్మోన్ల తేడా ఉన్నవాళ్లలో ఎక్కువగా చూస్తారు. కుదురును చంపడానికి సరిపోని తక్కువ వేడి, నిద్రలో ఉన్న పక్క కుదుళ్లను లేపుతుందని ఒక వివరణ. తక్కువ వేడి, ముదురు రంగు, హార్మోను: ఇంట్లో గడ్డానికి ఐపీఎల్ వాడితే మనలో చాలామందికి ఈ మూడూ ఒక్కచోట చేరతాయి. బుగ్గల మీది నూగు సంగతీ అంతే, అందులో రంగు తక్కువ, వెలుగుకు పట్టు దొరకదు. మెషీన్‌తో పాటు ముఖానికి వేరే చిన్న అటాచ్‌మెంట్ ఇచ్చినా నేను వాడలేదు, ఎవరినీ వాడమనను.

క్లినిక్‌లో లేజర్ ఇక్కడే నెగ్గుతుంది. ఐపీఎల్ అంటే చాలా తరంగాలు కలిసిన వెలుగు, లేజర్ ఒకే తరంగం. తరంగం పొడవు పెరిగేకొద్దీ పై చర్మంలోని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది, వెలుగు లోతుకు వెళ్తుంది. అందుకే మన రంగుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్, లేదా 810 దగ్గర ఉండే డయోడ్ లేజర్ వాడతారు. 755 అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లటి చర్మానికి బాగా పని చేస్తుంది, ముదురు రంగుకు మచ్చల భయం ఎక్కువ. అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా ప్రతి సందులో ఒక బోర్డు ఉంటుంది. బోర్డు చూసి వెళ్లిపోకుండా ముందు అడగండి: ఏ యంత్రం, ఏ తరంగం? సెట్టింగ్ పెట్టేది డాక్టరా? ఐపీఎల్‌ను కూడా "లేజర్" అని చెప్పేవాళ్లున్నారు. ఒక చోట నన్ను టెస్ట్ ప్యాచ్ చేయకుండానే ఎనిమిది సిట్టింగ్‌ల ప్యాకేజీ కట్టమన్నారు, లేచి వచ్చేశాను. తర్వాత వెళ్లిన డాక్టరుగారు ముందు దవడ కింద రూపాయి బిళ్లంత చోట చేసి, రెండు వారాలకు రమ్మన్నారు. నొప్పి ఇంటి మెషీన్ కంటే చాలా ఎక్కువ, జుట్టు కాలిన వాసన వస్తుంది, వారం పది రోజులకు మాడిన వెంట్రుకలు రాలతాయి. ఐదు వారాలకు ఒకటి చొప్పున ఏడు సిట్టింగ్‌లు అయ్యాయి. ఇప్పుడు ఆరు నెలలకోసారి ఒకటి చాలుతోంది. ట్వీజర్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

మిగతావి: వాక్సింగ్, థ్రెడింగ్ అందరికీ తెలిసినవే, ఏటా రెండు మూడు సార్లు అవసరం పడేవాళ్లకు అవి చాలు. క్రీములు నాకు మంట. తెల్లబడ్డ వెంట్రుకలకు ఏ వెలుగూ పని చేయదు, అవి శాశ్వతంగా పోవాలంటే ఎలక్ట్రాలిసిస్ ఒక్కటే దారి. ఒక్కో కుదురులో సూది పెట్టి కరెంటు పంపాలి కాబట్టి నాలుగైదు వెంట్రుకలకైతే బాగుంటుంది.

కొనేటప్పుడు 5 లక్షల ఫ్లాష్‌లు, 9 లక్షల ఫ్లాష్‌లు అనే అంకెలు చూసి ఎంచుకోకండి. కాళ్లూ చేతులూ చంకలూ కలిపి ఒకసారికి నాకు 500 దాకా అవుతాయి. 3 లక్షలున్నా 600 సార్లకు వస్తుంది, అన్నిసార్లు ఎవరూ చేయరు. చూడాల్సింది చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్లు అన్నది. ప్రకటనలో "20 జౌళ్లు" అని పెద్దక్షరాల్లో ఉంటే కిటికీ వైశాల్యంతో భాగించండి. 4 చదరపు సెంటీమీటర్ల కిటికీ అయితే అది 5 జౌళ్లే. ఆ తర్వాత సెన్సర్, వారంటీ, మన ఊళ్లో సర్వీస్ సెంటర్. నాది ₹18,000 అయింది. అప్పట్లో పార్లర్‌లో కాళ్లకు, చేతులకు కలిపి నెలకు ₹1,200 పెట్టేదాన్ని, కాబట్టి ఏడాదిన్నరలోపే తీరింది.

నేను మార్చి చివరికల్లా ముంజేతులకు ఆపేస్తాను. మళ్లీ వానలు పడి, చేతుల మీది ఆ గీత చెరిగిపోయాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో మణికట్టు దగ్గర ఒక ఫ్లాష్ పెట్టి చూస్తాను. ఎర్ర లైటు రాకపోతే మొదలుపెడతాను.