టెక్సాస్‌లో విల్లు వేట: కొత్తవాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎక్కడికి వద్దు

జంక్షన్ అనే ఊరి దగ్గర ఒక రాంచ్ (పెద్ద పశువుల భూమి) వాళ్ల వెబ్‌సైట్‌లో ‘విల్లు వేటకి ప్రత్యేకం’ అని పెద్దక్షరాల్లో ఉంది. తీరా వెళ్తే తుపాకీ వాళ్ల కోసం కట్టిన మంచె ఎక్కించి కూర్చోమన్నారు. నేనొక్కదాన్నే అయితే రెండు మాటలని ఊరుకునేదాన్నేమో. మా ఆయనకి అది మొదటి వేట. ఎన్నాళ్లనుంచో నచ్చజెప్పి, ఆఫీసుకి సెలవు పెట్టించి మరీ తీసుకెళ్లాను. అందుకే ఆ మంచె గురించి, దాని ఓనరు గురించి కాస్త వివరంగానే రాస్తాను. మేసన్ అనే ఇంకో ఊరి దగ్గర దొరికిన చోటు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే అది దొరక్కపోతే మా ఇంట్లో మళ్లీ వేట మాట ఎత్తే పరిస్థితి ఉండేది కాదు.

మాది విజయవాడ. విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖది మా ఊరే అని గొప్పలు చెప్పుకోవడమే గానీ, అక్కడున్నప్పుడు నేను విల్లు ముట్టుకున్నది లేదు. ఆస్టిన్ వచ్చాక ఆఫీసులో ఒకావిడ బాణాలు ప్రాక్టీసు చేసే రేంజ్‌కి తీసుకెళ్లి అలవాటు చేసింది, ఆ తర్వాత వేటకీ ఆవిడే తీసుకెళ్లింది. మా ఆయనది కరీంనగర్. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సురేఖ మూడు స్వర్ణాలు కొట్టినప్పుడు పక్కన కూర్చుని చూసి, "నాకూ ఒకసారి గుంజి చూడాలనుంది" అన్నారు. ఇక నేను వదల్లేదు.

భార్యకో భర్తకో ఇది నేర్పాలనుకునేవాళ్లకి ముందుగా చెప్పేది, మీ విల్లు వాళ్లకివ్వకండి. సరిపోదు. చేతులు బారచాపి ఈ కొస నుంచి ఆ కొసకి కొలిచి, ఆ అంగుళాలని 2.5తో భాగిస్తే ఎంత దూరం లాగగలరో దాదాపుగా తెలుస్తుంది. మా ఆయన బార 69 అంగుళాలు, అంటే ఇంచుమించు 27.5. నా విల్లు ఆయన చేతిలో పిల్లల బొమ్మలా ఉంది. అవసరాన్ని బట్టి బిగించుకునే కాంపౌండ్ బో (రెండు కొసల్లో చక్రాలుండే విల్లు) ఒకటి కొన్నాం. గురి చూసే సైటు, బాణం ఆనించే రెస్టు, అమ్ములపొది అన్నీ కలిపి 420 డాలర్లు. షాపులో కుర్రాడు లాగే బలాన్ని 60 పౌండ్లకి బిగించబోతే నేను 45 దగ్గర ఆపించాను. మగవాళ్లకి 45 అంటే చిన్నతనం. కానీ కూర్చున్నచోట కదలకుండా, విల్లు ఆకాశంలోకి ఎత్తకుండా, నెమ్మదిగా లాగగలిగినంతే పెట్టుకోవాలి. దగ్గర నుంచి, పదునైన బ్రాడ్‌హెడ్‌తో (బాణానికి పెట్టే బ్లేడ్ల మొన) కొడితే అడవిపందికైనా అది చాలు. 20 గజాల దూరంలో, కుర్చీలో కూర్చుని కొడితే బాణాలన్నీ పేపర్ ప్లేటులో పడేదాకా వేట మాట ఎత్తనని షరతు పెట్టాను. పడ్డాయి.

కాగితాల పని భయపడేంత లేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి; 17 నిండినవాళ్లు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పూర్తి చేయొచ్చు. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకి లైసెన్సు 25 డాలర్లు, విల్లు సీజన్‌లో జింకకి వెళ్లాలంటే ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లు వేటకి అదనపు అనుమతి) ఇంకో 7. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం పెట్టే ఆంక్షలు వేరే ఉన్నాయి. విల్లు తుపాకీ లెక్కలోకి రాదు కాబట్టి ఆ గొడవ లేదు. నా సరదా మాటలన్నిటికంటే ఈ ఒక్క మాటే ఆయన్ని ఒప్పించిందని నా అనుమానం.

విల్లు సీజన్‌లోనే దసరా వస్తుంది. ఆయుధపూజ నాడు రెండు విళ్లకీ ఆయనే కుంకుమబొట్లు పెట్టారు. కామ్ చక్రానికి కూడా పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, తీగలో పొడి ఇరుక్కుంటే మళ్లీ నాకు టెన్షన్.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. ఆస్టిన్ నుంచి జంక్షన్‌కి 140 మైళ్లు, ఇబ్బందేమీ లేదు. ఇబ్బందంతా గేటు లోపల.

ప్యాకేజీ వేటాడేవాళ్లకి 750, పక్కన కూర్చునేవాళ్లకి 200. నేను విల్లు తీసుకెళ్లలేదు, పక్కన కూర్చోడానికే ఆ 200. కార్డు మీద కడితే 4 శాతం అదనం, వెరసి 988 డాలర్లు. సగం ముందే తీసుకున్నారు, మిగతా సగం సామాను దించకముందే గీయించుకున్నారు. ఫొటోలో ఉన్న చలిమంట గది ఓనరు ఇంట్లోదట. మాకిచ్చిన కేబిన్‌లో రెండు బంకు మంచాలు, ఎలుకల వాసన, పక్క కేబిన్‌లోని నలుగురితో కలిపి ఒకటే బాత్రూమ్. ‘భోజనంతో సహా’ అన్నది ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బరీటోలు. అన్నిట్లోనూ మాంసమే. మర్నాడు శనివారం, మా ఆయన ముట్టరు. "తినకూడదు సరే, కొట్టొచ్చా మరి?" అని నన్ను అడిగారు. అత్తయ్యగారికి ఫోన్ చేసి కనుక్కోమన్నాను. ఎక్కడికి వచ్చామో ఆవిడకి చెప్పలేదు కాబట్టి ఆ ధర్మసందేహం అలాగే ఉండిపోయింది.

సంతకాలు పెట్టించుకునేటప్పుడు ఒక షరతు బయటపడింది. బాణం తగిలి ఒక్క చుక్క రక్తం కనిపించినా సరే, జంతువు దొరికినా దొరక్కపోయినా మనం కొట్టడానికి ఒప్పుకున్న కోటాలో ఒకటి పోయినట్టే. ఇది చాలాచోట్ల ఉన్న పద్ధతే, తప్పనను. కానీ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. మొదటిసారి విల్లు పట్టినవాడి చేతికి పెన్ను ఇచ్చి అప్పుడు చెప్తే ఆ రాత్రి నిద్రేం పడుతుంది?

ఆఫీసు గోడ మీద ధరల బోర్డు ఉంది. చుక్కల జింక, మగది, 2500. కృష్ణజింక 2200. మా ఆయన బోర్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. మా ఇద్దరి రాష్ట్రాలకీ రేటు కట్టి గోడకి తగిలించారు. 1930ల్లో వీటిని తెచ్చి ఇక్కడి కొండప్రాంతంలో వదిలారు, బాగా పెరిగిపోయాయి. వీటికి సీజన్ లేదు, లెక్క లేదు. లైసెన్సు, భూమి ఓనరు అనుమతి ఉంటే ఏడాది పొడుగునా కొట్టొచ్చు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద మన దగ్గర జైలుకి పోయే పని ఇక్కడ బోర్డు మీద రేటు. కేబిన్‌కి వెళ్తుంటే కంచె పక్కనే గుంపుగా మేస్తూ కనిపించాయి. "మనోళ్లే" అని అక్కడే ఆగిపోయారు. కొట్టడం మాట దేవుడెరుగు, వాటికి దగ్గరగా వెళ్లడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. ఆ రాంచ్‌లో ఆయనకి నచ్చినవి అవే.

ఇక మంచె. పదడుగుల ఎత్తు కాళ్ల మీద ప్లైవుడ్ డబ్బా. మొక్కజొన్నలు చల్లే ఫీడర్ ఎంత దూరమో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో చూశాను, 110 గజాలు. విల్లుకి 20, మహా అయితే 30. కిటికీలు అడ్డంగా పొడుగ్గా ఉన్నాయి గానీ ఎత్తు అడుగే. తుపాకీ గొట్టం బయటపెట్టి కాల్చడానికి అది చాలు. విల్లు నిలువుగా పట్టుకోవాలి కదా, కింది కొన గోడకి తగులుతుంది. పోనీ ఎలాగో వంచి లాగినా ఇంకో చిక్కుంది: సైటు ఉండేది బాణానికి పైన. కంటికి కిటికీలోంచి జంతువు చక్కగా కనిపిస్తుంది, బాణం మాత్రం కిటికీ చెక్కలో దిగుతుంది. తెలియనివాడు వదిలాడంటే ఆ బాణం ముక్కలై ఎవరి మొహాన పడుతుందో!

"గీ కిటికీలకెల్లి బాణం ఎట్ల పోతది?" అన్నారు మా ఆయన, చాలా మర్యాదగా. చిరాకు పుడితేనే ఆయనకి కరీంనగర్ యాస వస్తుంది. బాణం లేకుండా ఒకసారి లాగి చూడబోయారు. ప్లైవుడ్‌కి టక్కున తగిలింది. దూరంగా ఫీడర్ కింద ఉన్న ఆడజింకలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. అయిపోయింది ఆ సాయంత్రం.

ఓనరుని అడిగితే, తన దగ్గరికి విల్లు వేటకి వచ్చేవాళ్లంతా క్రాస్‌బోలే (తుపాకీలా పట్టుకుని మీట నొక్కే అడ్డం విల్లు) తెస్తారన్నాడు. కావాలంటే తన క్రాస్‌బో రోజుకి 75కి అద్దెకిస్తాడట. దాంతో కూడా 110 గజాలు కొట్టకూడదు, అది వేరే సంగతి. నేల మీద పెట్టే గుడారం బ్లైండ్ (జంతువులకి కనబడకుండా దాక్కుని కూర్చునేది) ఏదైనా ఉందా అన్నాను. నాకు జవాబివ్వకుండా మా ఆయన వైపు తిరిగి, మీ ఆవిడకి వేట గురించి చాలా తెలిసినట్టుందే అని నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. "తెలుసు, నాకు నేర్పింది ఆమెనే" అన్నారు. పొద్దున మళ్లీ అదే మంచె చూపించేసరికి సామాను సర్దేశాం. ఒక్క డాలరు కూడా వెనక్కి ఇవ్వలేదు.

జంక్షన్ నుంచి మేసన్‌కి 40 మైళ్లు. ఆయన నోరు విప్పలేదు. ఆకలేమో అనుకున్నాను. మేసన్‌లో ఒక బార్బెక్యూ హోటల్ ముందు ఆపితే, ఊరంతా పొగ వాసనకి నోరూరుతుంటే, శనివారం కాబట్టి బంగాళాదుంప సలాడ్, రెండు బ్రెడ్డు ముక్కలు, మొక్కజొన్న కంకి తిన్నారు. 13 డాలర్లు. తిన్నాక, "ఇంటికి పోదామా?" అన్నారు. కోపంగా అని ఉంటే వాదించేదాన్ని, నీరసంగా అన్నారు. అప్పుడే నాకు వేట నేర్పినావిడకి ఫోన్ చేశాను. తనకి తెలిసిన ముసలి దంపతుల నంబరిచ్చింది.

టెక్సాస్‌లో నేల దాదాపు అంతా ప్రైవేటుదే, అందుకే ఇక్కడ వేటంటే ముందు మనుషుల్ని వెతుక్కోవడం. ఆ దంపతుల చోటుకి రాంచ్ అనే పేరు లేదు, వెబ్‌సైట్ లేదు. వేటాడేవాళ్లకి రోజుకి 100, చూసేవాళ్లకి ఏమీ లేదు. పాత ట్రెయిలర్‌లో పడుకుంటే రాత్రికి 60. భోజనం మనదే. ఆడజింక కొడితే 150, అడవిపందికి రూపాయి అక్కర్లేదు, పైగా దండం పెడతారు. పందులు వాళ్ల గడ్డిభూమిని దున్నేసినట్టు తవ్విపోస్తున్నాయి. ట్రెయిలర్‌లో పరుపు పల్చగా ఉంది కానీ దుప్పట్లు ఉతికిన వాసన వేస్తున్నాయి. ఆ పెద్దాయన మొదట అడిగింది డబ్బు కాదు, "ఎన్ని గజాల్లో నమ్మకంగా కొడతావు?" అని. మా ఆయన 20 అన్నారు. పెద్దాయన వెళ్లి, నేల మీద ఉన్న గుడారం బ్లైండ్‌ని మాతోనే పట్టించి 18 గజాలకి జరిపించాడు. లోపల కిర్రుమనని కుర్చీలు రెండు, నేల మీద ఆకులన్నీ ఊడ్చి పెట్టాడు, కాలు కదిపితే చప్పుడు రాకుండా. ఒక్క కిటికీ తెరిచి మిగతావన్నీ మూసేయమన్నాడు. వెనక కిటికీ తెరిస్తే వెలుగులో మన ఆకారం కనబడిపోతుంది. వేల డాలర్ల బోర్డు పెట్టుకున్నవాడికి ఇవేవీ పట్టలేదు.

ఆ సాయంత్రం అడవి టర్కీ కోళ్లు తప్ప ఏమీ రాలేదు. ఎలాగూ శనివారం.

ఆదివారం తెల్లారుజామున పందుల మంద వచ్చింది. ముందు చప్పుడు, తర్వాత వాసన. ఒక పెద్ద ఆడపంది మా వైపే మొహం పెట్టి నిలబడింది. ఆయన విల్లు లాగారు, ఆగారు, మళ్లీ నెమ్మదిగా దించేశారు. నేనేమీ చెప్పలేదు. ఎదురుగా నిలబడ్డ జంతువుని విల్లుతో కొట్టకూడదు, రొమ్ము ఎముక అడ్డం. పక్కకి తిరిగే దాకా ఆగాలి. ఆ దించడం చూసి నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. కాసేపటికి ఒక మధ్యరకం మగపంది పూర్తిగా పక్కకి తిరిగింది. బాణం అటు నుంచి దూసుకుపోయి నేలలో గుచ్చుకుంది. దాని మీద లేత ఎరుపు రక్తం, బుడగలు బుడగలుగా. అంటే ఊపిరితిత్తులు. అయినా అరగంట కూర్చోబెట్టాను. ఆ అరగంటా ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. "దానికి తెలిసి ఉంటదా?" అని ఒక్కటే అడిగారు. ఎక్కువసేపు కాదన్నాను. 60 గజాల అవతల, ఓక్ చెట్ల కింద, నాగజెముడు పొదల పక్కన దొరికింది. జాడ పట్టుకుని ముందు నడిచింది ఆయనే, నేను వెనక.

పెద్దాయన కొక్కేనికి వేలాడదీసి కోసి చూపించాడు, పైసా తీసుకోలేదు. రబ్బరు గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వలేదు. అడవిపందుల నుంచి మనుషులకి బ్రూసెల్లా అనే జబ్బు క్రిమి అంటుకుంటుంది, మాంసం కూడా బాగా ఉడికించే తినాలి.

ఫోన్‌లో మూడు సంగతులు తేల్చుకోకుండా ఎవరికీ డిపాజిట్ కట్టకండి: ఫీడర్‌కి బ్లైండ్ ఎన్ని గజాలు, కూర్చుని నిలువు విల్లు లాగొచ్చా, గాయపడి తప్పించుకుంటే లెక్కేంటి. గజాలు అడిగితే నసిగేవాడి దగ్గరికి అసలు వెళ్లొద్దు. జింక కావాలంటే తుపాకీ సీజన్ మొదలయ్యే నవంబరు మొదటి శనివారంలోపు వెళ్లాలి, ఆ తర్వాత చుట్టుపక్కల మోతకి విల్లు దూరంలోకి ఏదీ రాదు. పందులకైతే ఎప్పుడైనా సరే. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు పందికే: డబ్బు తక్కువ, కోటా లేదు, టెన్షన్ ఉండదు.

జంక్షన్ వాళ్ల మీద కార్డు కంపెనీలో ఫిర్యాదు పెట్టాను, కిటికీ పక్కన టేపు పెట్టి తీసిన ఫొటోతో సహా. ఎంత వెనక్కి వస్తే అంతకీ బ్రాడ్‌హెడ్లు, నేల మీద పెట్టుకునే సొంత బ్లైండ్ ఒకటి కొనాలని మా ఆయన ఇప్పటికే లిస్టు రాసి పెట్టుకున్నారు.